అడవికి చేతి జీపీఎస్: ఫోన్ చాలా, ఈట్రెక్స్ కొనాలా?

మీరు ఒకేసారి నాలుగు అడిగారు. నల్లమల, శేషాచలం ట్రెక్కులకు ఫోన్ సరిపోతుందా, విడిగా జీపీఎస్ కొనాలా? కొంటే గార్మిన్ ఈట్రెక్స్ 22ఎక్స్, 32ఎక్స్‌లలో ఏది? వచ్చే నెల డాలస్ నుంచి వస్తున్న బావగారి చేత గార్మిన్ వాళ్ల శాటిలైట్ మెసేజీల పరికరం ఇన్‌రీచ్ తెప్పించుకోవచ్చా? అదే పరికరంతో ప్రకాశం జిల్లాలో నాన్నగారి పొలం కొలుచుకోవచ్చా? బావగారి ప్రయాణం దగ్గర పడింది కాబట్టి ముందు ఆ సంగతి చెప్తాను.

ఇన్‌రీచ్ తెప్పించొద్దు. ఇందులో ఆలోచించాల్సిందేమీ లేదు. మామూలు చేతి జీపీఎస్ ట్రాన్సిస్టర్ రేడియో లాంటిది. ఉపగ్రహం పంపిన సిగ్నల్ అందుకుంటుంది, తిరిగి ఏమీ పంపదు. ఇన్‌రీచ్ అలా కాదు, ఇరిడియం ఉపగ్రహాల ద్వారా మెసేజీలు పంపుతుంది కూడా. అందుకే మన దేశంలో దాన్ని శాటిలైట్ ఫోన్ కోవలోనే చూస్తారు. మన చట్టం ప్రకారం టెలికాం శాఖ లైసెన్సు లేకుండా అలాంటిది దగ్గర ఉంచుకోవడమే నేరం, వాడారా లేదా అన్నది తర్వాతి మాట. 2008 ముంబయి దాడుల తర్వాత ఈ విషయంలో పట్టింపు బాగా పెరిగింది. 2024 డిసెంబరులో గోవా ఎయిర్‌పోర్టులో ఒక కెనడా యాత్రికురాలి బ్యాగులో ఇదే పరికరం కనపడితే ఆపి పోలీసులకు అప్పగించారు. ఆవిడ కొండ బాటల మీద పరుగులు తీసే మనిషే. పాపం బావగారిని శంషాబాద్‌లో ఆ పరిస్థితిలోకి నెట్టకండి.

మోడల్ పేరు చివర ‘ఐ’ అన్న అక్షరం ఉందేమో కూడా చూసుకోండి. జీపీఎస్‌మ్యాప్ 66ఐ, 67ఐ, మోంటానా 700ఐ లాంటివాటిలో ఇన్‌రీచ్ లోపలే ఉంటుంది. ‘ఐ’ లేని 66ఎస్, 67 మామూలువే. వాకీటాకీ కలిసి వచ్చే రైనో సిరీస్ కూడా వద్దు, అందులో రేడియో అమెరికా ఫ్రీక్వెన్సీలకు చేసింది.

ఇక ఫోన్. జీపీఎస్‌కి సిమ్ అక్కర్లేదు, డేటా అక్కర్లేదు. ఈ మాట ఎన్నిసార్లు చెప్పినా ట్రెక్కులో ఎవరో ఒకరు ‘సిగ్నల్ పోయింది, ఇక లొకేషన్ రాదు’ అని ఫోన్ జేబులో పెట్టేస్తారు. డేటా లేకపోతే నష్టమల్లా మొదటిసారి లొకేషన్ దొరకడంలో. ప్రతి ఉపగ్రహం తన కక్ష్య వివరాలను 30 సెకన్లకోసారి చెప్తూ ఉంటుంది, అదీ చాలా నెమ్మదిగా, సెకనుకు 50 బిట్ల చొప్పున. నెట్ ఉన్నప్పుడు ఫోన్ ఆ వివరాలను సర్వర్ నుంచి తెచ్చుకుని క్షణాల్లో లాక్ అవుతుంది. నెట్ లేనిచోట ఆకాశం నుంచి వినాల్సిందే. చెట్ల కింద నడుస్తూ వింటే మధ్యలో తెగిపోతుంది, మళ్లీ మొదలు. కాబట్టి శ్రీశైలం రోడ్డు మీద వెళ్తుంటే మన్ననూరు దగ్గరే మ్యాప్ యాప్ తెరిచి, నీలం చుక్క కుదురుకుందని చూసుకుని, ట్రాక్ రికార్డింగ్ మొదలుపెట్టి అప్పుడు లోపలికి వెళ్లండి. ఆ తర్వాత ఏరోప్లేన్ మోడ్‌లో పెట్టినా పనిచేస్తూనే ఉంటుంది, బ్యాటరీ కూడా నిలుస్తుంది. మ్యాప్ మాత్రం ఇంటి దగ్గరే దించుకోవాలి. ఆస్మ్‌అండ్, ఆర్గానిక్ మ్యాప్స్ రెండూ ఓపెన్‌స్ట్రీట్‌మ్యాప్ మీద నడిచేవే. అడవి బాటల విషయంలో గూగుల్ కంటే ఇవే నయం.

ఇంకో నిజం కూడా చెప్పాలి. మీరడిగిన ఈట్రెక్స్ రెండూ ఒకే ఫ్రీక్వెన్సీ మీద జీపీఎస్, రష్యా వాళ్ల గ్లోనాస్ అందుకునేవి. 2018లో షావోమీ మి 8తో మొదలుపెట్టి ఫోన్లలోకి ఎల్1, ఎల్5 అనే రెండు ఫ్రీక్వెన్సీల చిప్పులు వచ్చాయి, ఇప్పుడు మధ్యరకం ఫోన్లలో కూడా ఉంటున్నాయి. అంటే కాగితం మీద చూస్తే మీ ఫోన్ చిప్పే మెరుగు అయ్యుండొచ్చు. ఎన్ని ఉపగ్రహాలు పడతాయన్న లెక్క చూసి జీపీఎస్ కొనకండి. ఆకాశం బాగా కనిపించేచోట ఏదైనా మూడు నుంచి ఐదు మీటర్ల లోపల చూపిస్తుంది, బాట పట్టుకోవడానికి అంతకన్నా అవసరం లేదు.

మరి విడిగా కొనడం దేనికి? చేతికోసం, ఎండకోసం, సెల్స్ కోసం. ఏప్రిల్‌లో మిట్టమధ్యాహ్నం బండల మీద నడుస్తుంటే ఫోన్ వేడెక్కి తనంతట తనే స్క్రీన్ వెలుగు తగ్గించేసుకుంటుంది. ఆ ఎండలో ఇక ఏమీ కనపడదు. అరచేయి అడ్డం పెట్టి, టోపీ దించి, మెడ వంచి చూస్తారు. ఈట్రెక్స్ స్క్రీన్ దీనికి పూర్తిగా ఉల్టా, ఎండ పడే కొద్దీ స్పష్టంగా కనిపిస్తుంది, బ్యాక్‌లైట్ ఆపేసి వాడేది అందుకే. ఇంట్లో ట్యూబ్‌లైట్ కింద బాక్సు తెరిచి ‘ఇంత మసకగా ఉందేంటి’ అని వెనక్కి పంపినవాళ్లు నాకు తెలుసు. ఒక్కసారి డాబా మీదికి తీసుకెళ్లి చూసి ఉంటే పంపేవాళ్లు కాదు.

చెమట చేతులతోనూ, వానలోనూ టచ్ స్క్రీన్ ఎలా ఆడిస్తుందో మీకు తెలిసే ఉంటుంది. ఈట్రెక్స్‌కి బటన్లు, ముందు వైపు చిన్న జాయ్‌స్టిక్ ఉంటాయి. చూపు బాట మీదే ఉంచి బొటనవేలితో నొక్కుకుంటూ పోవచ్చు. నీళ్ల రక్షణ ఐపీఎక్స్7, అంటే మీటరు లోతు నీళ్లలో అరగంట. వాగు దాటుతూ జారి పడినా భయం లేదు. కాకపోతే వెనకాల యూఎస్‌బీ దగ్గర రబ్బరు మూత సరిగా మూసి ఉండాలి.

బ్యాటరీ దగ్గర కాసేపు ఆగాలి, ఎందుకంటే తేడా అంతా ఇక్కడే. 22ఎక్స్, 32ఎక్స్ రెండిటికీ రెండు పెన్సిల్ సెల్స్ (ఏఏ సైజువి) చాలు, కంపెనీ లెక్క 25 గంటలు. బ్యాక్‌లైట్ వాడితే తగ్గుతుంది. రీఛార్జి అయ్యే నికెల్ సెల్స్, ఎనెలూప్ లాంటివి, నాలుగు కొనుక్కోండి. సెటప్‌లో బ్యాటరీ రకం దగ్గర అదే ఎంచుకోవడం మర్చిపోవద్దు. నికెల్ సెల్ వోల్టేజి 1.2, ఆల్కలైన్‌ది 1.5. సెట్టింగ్ ఆల్కలైన్ మీదే వదిలేస్తే నిండా ఛార్జి ఉన్నా సగమే ఉన్నట్టు చూపించి కంగారు పెడుతుంది. ‘అయిపోతే దారిలో ఏ కిరాణా కొట్టులోనైనా దొరుకుతాయి’ అనుకోకండి. అక్కడ దొరికేవి టీవీ రిమోట్‌కి వేసే చవక సెల్స్, జీపీఎస్‌లో వేస్తే పూట కూడా ఆగవు. ట్రెక్ అయిపోయాక సెల్స్ తీసి పక్కన పెట్టండి. ఆల్కలైన్ సెల్ నెలల తరబడి లోపలే ఉండి కారితే స్ప్రింగులు పచ్చబడి తుప్పు పడతాయి, పాత పరికరాల చావు ఎక్కువగా ఇలాగే వస్తుంది. ఏడాదికోసారి హిమాలయాలకు వెళ్తామన్నారు కదా, చలికి 1.5 వోల్టుల లిథియం పెన్సిల్ సెల్స్ వేరే ఉంటాయి. రీఛార్జి కావు, ఖరీదు ఎక్కువ, కానీ మైనస్ 40 డిగ్రీల దాకా పనిచేసేలా చేసినవి.

కొత్త మోడళ్లలో ఈట్రెక్స్ ఎస్‌ఈ రెండు సెల్స్‌తో 168 గంటలు నడుస్తుందని కంపెనీ చెప్తోంది. 2023లో వచ్చింది, వచ్చినప్పుడు అమెరికాలో 150 డాలర్లు. అయితే అందులో మ్యాప్ ఉండదు, నలుపు తెలుపు తెర. మ్యాప్ కావాలంటే ఫోన్‌కి కలిపి చూసుకోవాలి. వెళ్లిన దారి రికార్డు చేసుకుని అదే దారిన వెనక్కి వచ్చేవాళ్లకు అది చాలు. జీపీఎస్‌మ్యాప్ 67 లోపలి బ్యాటరీ మీద 180 గంటలు. మంచి పరికరమే గానీ మీ పాతిక వేల బడ్జెట్‌లో దాని గురించి మాట్లాడుకోవడం దండగ.

22ఎక్స్‌కీ 32ఎక్స్‌కీ తేడా రెండు సెన్సర్లే: ఎలక్ట్రానిక్ దిక్సూచి, బారోమీటర్. మెమరీ, స్క్రీన్, సెల్స్ అన్నీ ఒకటే. మొదట మార్కెట్లోకి వచ్చినప్పుడు అమెరికాలో ఒకటి 200 డాలర్లు, ఇంకోటి 300.

దిక్సూచి లేని 22ఎక్స్‌లో మీరు నడుస్తున్నప్పుడే బాణం సరిగా తిరుగుతుంది. మూడు బాటలు కలిసేచోట నిలబడి ‘ఏ వైపు?’ అని చూస్తే అది పాత దిశనే చూపిస్తుంది, నాలుగడుగులు వేశాక గానీ సర్దుకోదు. కొత్తవాళ్లు ఇక్కడే తికమక పడి పరికరం పాడైందనుకుంటారు. 32ఎక్స్ నిలబడి ఉన్నా చూపిస్తుంది, సెల్స్ మార్చినప్పుడల్లా గుండ్రంగా తిప్పి కాలిబ్రేట్ చేసుకోవాలి అంతే. ఈ ఒక్క పనికి వంద డాలర్లా అంటే, నేనైతే పెట్టను. మెడలో వేసుకునే మామూలు ముల్లు దిక్సూచి కొనుక్కుంటాను. దానికి సెల్స్ కూడా అక్కర్లేదు.

బారోమీటర్ ముచ్చట గొలిపేదే. ఎక్కిన ఎత్తు గ్రాఫ్ జీపీఎస్ కంటే నున్నగా వస్తుంది. కానీ అది కొలిచేది గాలి ఒత్తిడిని, ఎత్తును కాదు. సముద్ర మట్టానికి దగ్గరలో ఒక హెక్టోపాస్కల్ తేడా అంటే సుమారు 8 మీటర్లు. మన ప్రాంతాల్లో వాతావరణం ఏ మార్పూ లేకుండా ప్రశాంతంగా ఉన్నా ఒత్తిడి ఉదయం పది ప్రాంతంలో ఎక్కువగా ఉండి సాయంత్రం నాలుగు దాకా రెండు మూడు హెక్టోపాస్కల్స్ తగ్గుతుంది. అంటే టెంట్ వేసుకుని కదలకుండా కూర్చున్నా సాయంత్రానికి పాతిక మీటర్ల దాకా ‘ఎక్కి’ ఉంటారు. ఎత్తు తెలిసిన చోట సరిచేసుకుంటూ ఉండాలి. ఫోన్ విషయంలో ఇంకో వింత ఉంది. కొన్ని యాప్‌లలో విశాఖ ఆర్కే బీచ్‌లో నిలబడితే ఎత్తు పదుల మీటర్లు మైనస్‌లో చూపిస్తుంది. ఫోన్ తప్పు కాదది. ఆండ్రాయిడ్ ఇచ్చేది భూమిని నున్నటి దీర్ఘగోళంగా ఊహించి కట్టిన ఎత్తు. నిజమైన సముద్ర మట్టం మన వైపు ఆ ఊహా ఉపరితలం కంటే చాలా కిందికి ఉంటుంది. శ్రీలంకకు దక్షిణాన హిందూ మహాసముద్రంలో అది ఏకంగా 106 మీటర్లు కిందికి పోతుంది. గార్మిన్ పరికరాలు ఆ తేడా తీసేసి చూపిస్తాయి.

ఫోన్ కంటే పాత చిప్పు ఉన్న పరికరం లోయల్లో ఎలా ఉంటుందని మీరు అడగలేదు, కానీ నల్లమల అన్నారు కాబట్టి చెప్పాలి. సలేశ్వరం దిగి చూడండి, చైత్ర పౌర్ణమి జాతరప్పుడు. గుండం దగ్గరికి వచ్చేసరికి రెండు వైపులా గోడల్లాంటి కొండ, పైన సన్నటి చీలికలా ఆకాశం. అక్కడ ఉపగ్రహం సిగ్నల్ నేరుగా రాదు, ఎదుటి రాతిగోడకు కొట్టుకుని తిరిగొస్తుంది. ఆ అదనపు దూరాన్ని పరికరం నిజమనుకుంటుంది. ఇంటికొచ్చి ట్రాక్ తెరిస్తే మీరు కొండ గోడ ఎక్కి, అవతలికి దూకి, మళ్లీ ఇవతలికి వచ్చినట్టు గీత ఉంటుంది. కాసేపు కూర్చుని ప్రసాదం తిన్నచోట గీతలన్నీ ముద్దగా అల్లుకుపోయి, ఆ దూరం కూడా మొత్తం నడకలో కలిసిపోతుంది. ‘ఈరోజు ఇన్ని కిలోమీటర్లు నడిచాం’ అని స్టేటస్ పెట్టేముందు అది గుర్తుంచుకోండి. ఇలాంటిచోట నిజంగా మెరుగ్గా ఉండేది రెండు ఫ్రీక్వెన్సీలు, పైకి పొడుచుకొచ్చిన యాంటెనా ఉన్న జీపీఎస్‌మ్యాప్ 65. బడ్జెట్ పెంచుకోగలిగితే నా ఓటు 32ఎక్స్‌కి కాదు, దానికి. పెంచలేకపోతే 22ఎక్స్, ఒక ముల్లు దిక్సూచి.

పట్టుకునే పద్ధతి కూడా వేరు. ఈట్రెక్స్ యాంటెనా బల్లపరుపు రకం, తెర ఆకాశం వైపు ఉండేలా పట్టుకోవాలి. జీపీఎస్‌మ్యాప్ వాటిని నిలువుగా. రెండిటినీ ప్యాంటు జేబులో వేసుకోకూడదు, మన ఒళ్లే సగం ఆకాశాన్ని అడ్డేస్తుంది. బ్యాగు భుజం పట్టీకి, పైకి, కట్టుకోండి.

బావగారు 22ఎక్స్ తెచ్చిపెడితే అందులో అమెరికా మ్యాపులే ఉంటాయి. ఇక్కడికొచ్చాక తెర ఖాళీగా కనిపిస్తే బెంబేలు పడకండి. ఓపెన్‌టోపోమ్యాప్ వాళ్లు గార్మిన్ కోసం చేసిన భారతదేశం మ్యాపు ఉచితంగా దొరుకుతుంది, కాంటూరు గీతలతో (ఒకే ఎత్తున్న చోట్లను కలిపే గీతలు) సహా. 32 జీబీ లోపు మైక్రోఎస్‌డీ కార్డును ఫ్యాట్32లో ఫార్మాట్ చేసి, అందులో గార్మిన్ అనే ఫోల్డర్ పెట్టి ఆ ఫైలు వేయండి. కాంటూర్లను మరీ నమ్మొద్దు. ఇలాంటి ఉచిత మ్యాపుల్లో అవి ఎక్కువగా 2000 ఫిబ్రవరిలో స్పేస్ షటిల్ నుంచి రాడార్‌తో తీసిన కొలతల మీద గీసినవి. కొండ వాలు తెలుస్తుంది గానీ, పది మనుషుల లోతు నిట్టనిలువు చరియలు వాటిలో కనపడకుండా పోతాయి. శేషాచలంలో తీర్థాల వైపు వెళ్లేవాళ్లకు ప్రమాదం సరిగ్గా అక్కడే. తెర మీద నేరుగా గీత గీసుకుని ‘అర కిలోమీటరే కదా, అడ్డంగా దిగేద్దాం’ అన్న ఆలోచన ఎవరికొచ్చినా వారించండి.

దానికి తోడుగా సర్వే ఆఫ్ ఇండియా టోపోషీట్ (కొండలు, వాగులు, ఎత్తులు చూపే మ్యాపు) తీసుకోండి. 1:50,000 స్కేలు ఓపెన్ సిరీస్ మ్యాపులు వాళ్ల సైటులో లాగిన్ అయి ఉచితంగా దించుకోవచ్చు. ఇవి జీపీఎస్ వాడే డబ్ల్యూజీఎస్84 పద్ధతిలోనే ఉంటాయి. ఎవరి దగ్గరైనా పాత అచ్చు షీటు దొరికితే మాత్రం అది ఎవరెస్ట్ డేటమ్‌లో, అంటే అక్షాంశ రేఖాంశాలు లెక్కగట్టే పాత పద్ధతిలో ఉంటుంది. సెట్టింగ్ మార్చకుండా దాని అంకెలు పరికరంలో వేస్తే గుర్తు వంద మీటర్లకు పైగా జరిగిపోతుంది. యూటీఎం (భూమిని జోన్లుగా విడగొట్టి చోటును మీటర్లలో చెప్పే పద్ధతి) వాడితే జోన్ చూసుకోండి. 78 డిగ్రీల రేఖాంశానికి తూర్పున నల్లమల, శేషాచలం అన్నీ 44లోనే, అనంతపురం వైపు వెళ్తే 43.

వాట్సాప్‌లో వచ్చే అంకెలతో ఇంకా జాగ్రత్త. 15.53 అంటే పదిహేను డిగ్రీల యాభైమూడు నిమిషాలా, లేక పదిహేను పాయింట్ ఐదు మూడా? రెండిటికీ మధ్య దాదాపు 39 కిలోమీటర్ల దూరం. గ్రూపులో అందరూ డెసిమల్ డిగ్రీలే వాడాలని, పాయింటు తర్వాత ఐదంకెలు ఉండాలని ముందే అనుకోండి. ఐదో అంకె దాదాపు మీటరు.

బయల్దేరేముందు బండి ఆపినచోట ఒక నిమిషం నిలబడి వేపాయింట్ గుర్తు పెట్టండి. 001, 002 అని పరికరం ఇచ్చే పేర్లు వదిలేయకుండా వాగు, మలుపు, మర్రి అని అర్థమయ్యే పేర్లు ఇవ్వండి. అలసిపోయి తిరిగొచ్చేటప్పుడు 014 ఏమిటో మీకే గుర్తుండదు. పోతే, పులుల అభయారణ్యాల్లోకి అటవీ శాఖ అనుమతి లేకుండా వెళ్తే 1972 వన్యప్రాణి చట్టం కింద కేసవుతుంది. మీ ట్రాక్ ఫైలే వాళ్లకు సాక్ష్యం.

పాతది కొనాలనుకుంటే బటన్ల మీది రబ్బరు, సెల్స్ గది, వెనక మూత చూడండి. తేదీ కూడా చూడండి. జీపీఎస్ వారాల లెక్క 1024కి చేరగానే మళ్లీ సున్నాకి వస్తుంది, చివరిసారి 2019 ఏప్రిల్ 6న వచ్చింది. అప్‌డేట్ లేని పాత మోడళ్లు అప్పట్నుంచి దాదాపు ఇరవై ఏళ్లు వెనకటి తేదీ చూపిస్తుంటాయి. లొకేషన్ సాధారణంగా సరిగానే ఉంటుంది, ధర తగ్గించమనడానికి ఇది మంచి సాకు.

ఇక పొలం. హద్దుల కోసమైతే చేతి జీపీఎస్ పనికిరాదు, ఎంత ఖరీదుదైనా సరే. చదరంగా ఉన్న ఎకరా అనుకుందాం. ఒక్కో వైపు 63.6 మీటర్లు. ఒక్క గట్టు మూడు మీటర్లు అటూ ఇటూ అయితే 190 చదరపు మీటర్లు, అంటే నాలుగున్నర సెంట్లకు పైనే. మీ ప్రాంతంలో సెంటు ధర ఎంతో నాకంటే మీకే బాగా తెలుసు. ఆంధ్రప్రదేశ్‌లో 2020 డిసెంబరులో మొదలైన భూముల రీసర్వేకి వాడిన రోవర్లు (సర్వేయర్ల జీపీఎస్ పరికరాలు) కూడా ఉపగ్రహాలనే వింటాయి గానీ, దగ్గరలోని స్థిర స్టేషన్ నుంచి అప్పటికప్పుడు సవరణలు తీసుకుని సెంటీమీటర్లలో చెప్తాయి. పక్క చేను వాళ్లతో మాటామాటా వస్తే మీ ఈట్రెక్స్ తెర చూపించి వాదించకండి. ఎఫ్‌ఎంబీ (సర్వే శాఖ దగ్గరుండే పొలం కొలతల పుస్తకం) నకలు తీసుకుని గ్రామ సచివాలయంలో సర్వేయర్‌కి అర్జీ పెట్టండి.

హద్దులు కాక మిగతా పనులకు ఇబ్బంది లేదు. బోరు ఎక్కడుంది, పూడిపోయిన పైపులైన్ ఎటు పోయింది, ముళ్లకంపలో దాక్కున్న సర్వే రాయి ఎక్కడ అని గుర్తు పెట్టుకోవచ్చు. ఈసారి ఎంతలో మిర్చి వేశారో ఉజ్జాయింపుగా తెలియాలంటే ఏరియా కాలిక్యులేషన్ తెరిచి, చేను చుట్టూ ఆగకుండా నిదానంగా ఒక చుట్టు నడవండి. రెండోసారి ఎదురు దిక్కున నడిచి, రెండిటి సగటు తీసుకోండి.